విమానపు క్రిందివైపు

మా నూజివీడు ప్రాంతమున ఎండకాలము వచ్చెననగా ఎవరి నోట విన్నను మామిడిమాటయే. పిందె నిలిచినదా, గాలికి రాలినదా, చిన్నరసాలకు ఈ యేడు ధర పలుకునా, బంగినపల్లి కోత ఎప్పుడు మొదలగును, ఇవియే ఇంటింటి ప్రశ్నలు. ఇట్టి యూర, ఏబదియేండ్లు దాటి, బడిలో లెక్కలు చెప్పుకొనుచు, పెద్దలు విడిచిన కొద్దిపాటి తోటను చూచుకొనుచున్న మేము, రాత్రివేళ దీపము దగ్గరకు లాగుకొని ప్లాస్టిక్కు ముక్కలతో యుద్ధవిమానముల నమూనాలను అతికించుచు కూర్చుందుమని చెప్పినచో చదువరులు నవ్వుదురేమో. నవ్వవచ్చును. మా యింటివారును మొదట నవ్విరి. ఈ పనివలన మాకు కలిగిన యొక సిగ్గును, ఆ సిగ్గువలన కలిగిన కొంచెపు తెలివిని చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మొదలు ఇట్లు జరిగినది. 2009వ సంవత్సరమున విదేశమునుండి వచ్చిన మా బావమరిది మా అమ్మాయికొక పెట్టె తెచ్చెను. దానిపై ఇంగ్లీషువారి స్పిట్‌ఫైరు విమానపు బొమ్మ కలదు. లోపల విమానము లేదు, చట్రములకు అంటుకొనియున్న బూడిదరంగు ముక్కలు, ఒక కాగితము మాత్రమున్నవి. అమ్మాయికి అప్పుడు అయిదేండ్లు. ముక్కలు మ్రింగునేమో యను భయముచే పెట్టెను అటకపై పెట్టితిమి. ఒక వానకాలపు సాయంకాలమున దానిని మేమే దింపి, ఒక గంటలో తేల్చెదమను ధైర్యముతో కూర్చుంటిమి. మూడు రాత్రులు పట్టెను. తుదకు తయారైన విమానపు ఒక రెక్క పైకి, ఒక రెక్క క్రిందికి నుండెను. అద్దపుమూతపై మా బొటనవ్రేలి ముద్ర జిగురుతో శాశ్వతముగా పడెను. పిల్లలకు జ్యామితి చెప్పు చేతులు రెండు రెక్కలను ఒకే కోణమున నిలుపలేకపోయినందులకు మాకు సిగ్గు కలిగెను. ఆ సిగ్గే రెండవ పెట్టెను కొనిపించెను.

ఈ నమూనాలు కేవలము పిల్లల వేడుకకై పుట్టినవి కావని మాకు పిమ్మట తెలిసినది. ప్లాస్టిక్కుతో అతుకు విమానములను మొట్టమొదట 1936లో ఇంగ్లండున ఫ్రాగ్ అను సంస్థవారు అమ్మిరి. వారి కొలత 1/72. అనగా అసలు విమానమున ఆరడుగులు నమూనాలో ఒక అంగుళమగును. మనిషి నిలువెత్తు ఒక అంగుళమునకు దిగును. 1942లో అమెరికా నౌకాదళమువారు తమ దేశపు పాఠశాలల విద్యార్థులను అదే కొలతకు 5,00,000 చెక్క నమూనాలు చేసి యిమ్మని కోరిరి. ఆ నమూనాలకు నల్లరంగు మాత్రమే పూయుదురు. ఆకసమున పోవు విమానము మనదా, శత్రువుదా యని క్రిందనుండి నీడను చూచి పోల్చుకొనుటకై సైనికులకు వానితో పాఠములు చెప్పెడివారు. అప్పటి బాలురు, బాలికలు కొయ్య చెక్కుచు నేర్చినది క్రిందనుండి చూచు చూపు. యుద్ధము ముగిసిన తరువాత నమూనాకు రంగులు వచ్చినవి, పెట్టెలపై అందమైన చిత్రములు వచ్చినవి. ఎయిర్‌ఫిక్సు సంస్థవారి మొదటి స్పిట్‌ఫైరు 1953లో వెలువడినది. పైనుండి చూచి ఆనందించు వేడుకగా ఈ పని మారినది. ఈ భేదమును మేము పుస్తకములలో చదివియుంటిమి, కాని గ్రహించియుండలేదు.

పని కష్టమా యని అడుగువారికి సమాధానము చెప్పవలెను. ముక్కను చట్రమునుండి విరువరాదు, కోయవలెను. కోసిన చోట మిగిలిన మొటికను ఆకురాయితో అరుగదీయవలెను. రెండు సగములను కలిపినప్పుడు నడుమ ఏర్పడు గీతను పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితమును నీటిలో తడిపి రుద్దవలెను. ఎక్కువ రుద్దినచో విమానపు రేకుల అతుకులను చూపు సన్నని గీతలు చెరిగిపోవును. తక్కువ రుద్దినచో రంగు పడిన పిదప ఆ గాయము ఊరంతటికి కనబడును. క్షణములో పట్టు జిగురును అద్దపుమూత దగ్గర వాడినచో దాని ఆవిరి అద్దముపై తెల్లని పొగవలె పేరుకొనును. గరుకు రంగుపై నీటిముద్రలను అతికించినచో లోపల గాలి నిలిచి వెండిపొరవలె మెరయును. మా ఊరి చైత్రవైశాఖముల వేడికి రంగు కుంచెమీదనే ఎండిపోవును. అందుచే మేము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి రంగులు వేయుట నేర్చితిమి. తోటలో నీళ్ళు పెట్టుటకు లేచువాడు ఆ వేళ మా కిటికీలో దీపము చూచి, మాస్టారు పరీక్షలకు చదువుచున్నారా యని అడిగినాడు.

ఈ విద్యలో మాకు గురువెవరో చెప్పకపోయిన కృతఘ్నులమగుదుము. నూజివీడు మామిడికే కాదు, వీణలకును పేరుపడినది. పనసకొయ్యతో వీణలు చేయు కుటుంబములు మా ఊర కలవు. వారి పనియింటిముందునుండి మేము చిన్ననాటినుండి నడచితిమి, లోపల అడుగుపెట్టలేదు. అతుకు గీత ఎంత రుద్దినను పోకపోవుటచే విసిగి, ఒకనాడు ఆ విమానపు తోకను జేబులో వేసికొని ఒక వీణకారుని యొద్దకు పోతిమి. ఆయన దానిని త్రిప్పి చూచి, కనులు మూసికొని వ్రేలితో నిమిరి, ఇట్లనెను: “కంటితో కాదు మాస్టారూ, వేలితో చూడండి. రంగు పడేదాకా కన్ను మోసపోతుంది. వేలు మోసపోదు.” తరువాత వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూపెను. మాకు కనబడని ఎత్తుపల్లములు కాలువలవలె కనబడినవి. అప్పుడే ఆయన ముందర సగము పూర్తియైన వీణ బోర్లించియుండెను. దాని అడుగుభాగమును ఆయన ముఖభాగమును నునుపుచేసినంత ఓపికతోనే నునుపుచేయుచుండెను. అడుగును ఎవరు చూతురని అడిగితిమి. “చూడరండి. వాయించేవాళ్ళకి తెలుస్తుంది” అనెను. ఆ మాటకు మేము తల ఊపి వచ్చితిమి. తల ఊపుట వేరు, నేర్చుట వేరు.

ఇక్కడ మన గృహములను గూర్చి ఒక మాట చెప్పవలెను. చదివిన యిండ్లలో చేతిపనికి గౌరవము లేదు. కాగితము వ్రాయువానిని వారు, వీరు అందుము. కొయ్య చెక్కువానిని వాడు, వీడు అందుము. మన పిల్లలు యంత్రశాస్త్రమున పట్టములు పొందుదురు గాని ఇంటిలో ఊడిన గొళ్ళెమును బిగింపలేరు. కొండపల్లి కొయ్యబొమ్మను బేరమాడి కొని అలమారలో పెట్టుదుమే గాని, తెల్లపొణికి చెక్కను ఎట్లు ఎండబెట్టుదురో, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలనెట్లు అతుకుదురో ఎన్నడైన అడిగితిమా? నూరు మైళ్ళలోపల అతుకు విద్య ఇంత ఉండగా, మమ్ము వీణకారుని గుమ్మము ఎక్కించుటకు సముద్రముల అవతలినుండి ఒక ప్లాస్టిక్కు పెట్టె రావలసివచ్చెను. ఇది మాకు కలిగిన మొదటి సిగ్గు. దానికంటె పెద్దది ముందున్నది.

2016వ సంవత్సరమున సంక్రాంతి సెలవులలో మేము ఒక కఠినమైన పనికి పూనుకొంటిమి. అది జపానువారి నాకాజిమా బి5ఎన్ అను విమానము. ఓడమీదినుండి ఎగిరి బాంబులను గాని, జలములో పోవు టార్పీడోను గాని మోయు విమానమది. 1937లో జపాను నౌకాదళమున ప్రవేశించినది. ముగ్గురు మనుష్యులు ఒకరి వెనుక ఒకరు కూర్చుందురు. ముందు నడుపువాడు, నడుమ దారిచూచి గురిచూచువాడు, వెనుక తంతివార్తలు పంపుచు తుపాకి పట్టువాడు. ముగ్గురిపైన ఒకటే పొడవైన అద్దపుమూత, దానికి కిటికీలవలె లెక్కకు మిక్కిలి గళ్ళు. ప్రతి గడిని వేరుగా కప్పి చట్రములకు మాత్రమే రంగు వేయవలెను. ముక్కులోపల పదునాలుగు సిలిండర్ల యంత్రము. రెక్కలు పదునైదున్నర మీటర్లు. మేము ఎంచుకొన్న 1/48 కొలతలో అది ముప్పదిరెండు సెంటీమీటర్లు దాటినది. ముక్కలు నూరింటికి పైబడినవి. ఈ విమానమునే ఎందుకు ఎంచుకొంటిరని అప్పుడెవరైన అడిగియుండినచో, ఆ అద్దపుమూత చేయుట కష్టము గనుక అని చెప్పియుందుము. అంతకుమించిన ఆలోచన మాకు లేదు.

మా అమ్మాయికి అప్పటికి పండ్రెండవ యేడు. గళ్ళు కప్పు పని ఆమెది. మా చేయి వణకుచోట ఆమె చేయి వణకదు. ఆడపిల్లకు ఈ పనులేమిటని చుట్టపుచూపుగా వచ్చిన పెద్దలొకరనిరి. అద్దపు గళ్ళకు ఆడ, మగ తేడా తెలియదని మేము చెప్పితిమి. పైరంగు ముదురాకుపచ్చగా రావలెను. మూడు సీసాలు కలిపినను కుదరలేదు. అమ్మాయి తోటలోనికి పోయి పెద్దరసము చెట్టునుండి నిరుటి ముదురాకు తెచ్చి బల్లపై పెట్టెను. ఆ ఆకును చూచి రంగు కలిపితిమి. కుదిరినది.

పైభాగమున అంత శ్రద్ధ చూపిన మేము క్రిందిభాగమున ఏమి చేసితిమి? చెప్పుటకు నోరు రాదు, కాని చెప్పవలెను. రెక్కల క్రింది అతుకులను పూడ్చలేదు. చక్రములు ముడుచుకొను గుంతలలో పుట్టీ రాలి గట్టిపడిన దానిని తీయలేదు. లేతబూడిదరంగు ఒక్క పూతతో సరిపెట్టితిమి. నిలువబెట్టిన తరువాత ఎవరు చూతురు? ఈ పని చేయువారిలో చాలమంది ఇట్లే చేయుదురని మాకు మేము చెప్పుకొంటిమి. బాంబులకు మారుగా టార్పీడోను తగిలించితిమి. చూచుటకు అది ఠీవిగా నుండునని.

ఉగాది దాటిన వారమునకు పని ముగిసెను. ఆ విమానమును తీగతో వసారా దూలమునకు వ్రేలాడదీయవలెనని మా సంకల్పము. ఎగురుచున్నట్లుండును. నిచ్చెన వేసి మేకు కొట్టుచుండగా, వసారాలో మంచముపై కూర్చుండి ఆవకాయకు ఆవాలు ఏరుచున్న మా అమ్మమ్మ తల యెత్తి చూచెను.

మా అమ్మమ్మను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఆమెది పుట్టుకచే విశాఖపట్టణము. పెండ్లి నూజివీడున జరిగినది. అప్పటికి ఎనుబదిమూడేండ్లు. ఆమెకొక అలవాటు. గన్నవరము విమానాశ్రయమునుండి లేచిన విమానము మా తోటలమీదుగా పోవునపుడెల్ల చేతిలోని పని ఆపి, దాని చప్పుడు పూర్తిగా పోవువరకు కదలక కూర్చుండును. గన్నవరపు మైదానము రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికుల స్థావరము. నేడు అది ప్రయాణికులది. విమానమెక్కని ముదుసలికి అది వింతయని మేమనుకొని, ఒకసారి ఎక్కించి హైదరాబాదు తీసికొనిపోయెదమని కూడ అంటిమి. ఆమె నవ్వి ఊరకుండెను.

ఆనాడు నిచ్చెన దగ్గరకు వచ్చి, “అది ఇలా ఇయ్యరా” అనెను. ఇచ్చితిమి. పచ్చని పైభాగమును ఆమె చూడలేదు. వెంటనే బోర్లించెను. రెక్కల అడుగున నున్న ఎఱ్ఱని గుండ్రములను వ్రేలితో తాకెను. పూడ్చని అతుకుపై ఆమె గోరు తగిలి ఆగెను.

“ఇటువైపు సరిగ్గా చెయ్యలేదేంరా?”

“అటువైపు కనబడదు గదా అమ్మమ్మా.”

“మాకు కనబడింది ఇటేరా” అనెను.

తరువాత ఆమె చెప్పినది ఇన్నేండ్లలో మాకెన్నడు చెప్పలేదు. మేమెన్నడు అడుగలేదు.

చరిత్రలో దీనిని గూర్చి నాలుగు వాక్యములు కలవు. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. రేవులలోను మిల్లులలోను పనిచేయు మన తెలుగుకూలీలు వేలకొలది ఆ నగరమునుండి పారిపోవలసివచ్చెను. 1942 ఏప్రిలు 5న కొలంబోపై, 9న ట్రింకోమలీపై దాడులు జరిగినవి. నడుమ, ఏప్రిలు 6న, బంగాళాఖాతమున తిరుగుచున్న ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన బి5ఎన్ విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు విడిచినవి. ఆ రోజులలోనే తీరమున వర్తకపు ఓడలు ఇరువది దాక మునిగినవి. కొందరు చనిపోయిరి. పట్టణము చాలవరకు ఖాళీ అయ్యెను. చెన్నపట్టణమునుండి సైతము జనము లోపలి ఊళ్ళకు తరలిరి. ఇంతే.

మా అమ్మమ్మకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఆమె తండ్రి రేవుపనులలో చిన్న గుమాస్తా. “రంగూన్నించి కాళ్ళు బొబ్బలెక్కి వచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉండేవారు. వాళ్ళు చెప్పేవారు, చప్పుడు వినపడగానే గోతిలో దూకండి అని. మేము దూకలేదు. మనవే అనుకున్నాం. వీధిలోకొచ్చి తలలెత్తి చూస్తున్నాం. రెక్కల కింద ఎర్రగా గుండ్రాలు కనపడ్డాయి. విమానం బొట్టు పెట్టుకుందే అన్నాను మా అమ్మతో. అమ్మ నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే రేవు దిక్కున నేల అదిరింది.” వారి వీధిచివర మూటలు మోసి బ్రదుకు ఒకాయన ఆ సాయంకాలము రేవునుండి ఇంటికి రాలేదు. ఆయన భార్య దీపము వెలిగింపవచ్చునా, కూడదా యని ఇంటింటికి పోయి అడిగినదట. దీపములు ఆర్పవలెనని ఉత్తరువు. దీపము లేనిచో ఆయనకు ఇల్లు తెలియదని ఆమె భయము.

రెండవనాడు వీరు పిల్లలతో, ఒక పెట్టెతో రైలెక్కిరి. నిలుచుటకు చోటు లేదు. నూజివీడు స్టేషనున దిగి మేనత్తగారి ఊరికి ఎడ్లబండిపై వచ్చిరి. దారి పొడుగున మామిడితోటలు. “ఆకాశం కనపడలేదురా. ఆ చెట్ల కింద బండి పోతుంటే నాకు మొదటిసారి నిద్ర పట్టింది. ఆకాశం కనపడని ఊరు మంచిది అనుకున్నాను. పెళ్ళి సంబంధం ఈ ఊరి నుంచే వస్తే సరే అన్నాను” అనెను. మా కుటుంబము ఈ మామిడి నేలలో నాటుకొనుటకు కారణమదియని మాకు నలుబదినాలుగవయేట తెలిసినది.

“ఇందులో ఎందరు కూర్చుంటారు?” అని అడిగెను. ముగ్గురని చెప్పి, అద్దపుమూతలోని మూడు పీటలను చూపితిమి. ఆమె చాలసేపు చూచెను. “చిన్నవాళ్ళే అయ్యుంటారు” అనెను. మఱి కొంతసేపటికి, “ఉంచుకో. పారెయ్యమనను. నెత్తిమీద మాత్రం వేలాడదియ్యకు” అని విమానమును మా చేతిలో పెట్టి, ఆవాలచాట ముందునకు లాగుకొనెను.

ఆ రాత్రి నిచ్చెన మడిచితిమి. మేకు పెరికితిమి. మరునాడు తెల్లవారుజామున ఆ విమానమును బోర్లించి పని తిరిగి మొదలుపెట్టితిమి. టార్పీడో తీసివేసితిమి. అది ఓడలకొఱకైనది, మా అమ్మమ్మ వీధిపైకి వచ్చినవి బాంబులు. పెట్టెలో మిగిలియుండిన బాంబులను సరిచేసి తగిలించితిమి. అతుకులను పూడ్చి, వీణకారుడు చెప్పినట్లు కన్నులు మూసికొని వ్రేలితో చూచితిమి. క్రిందిభాగమునకు మామిడికోతలు ముగియువరకు, అనగా రెండు నెలలు, పట్టెను. పైభాగమునకు పట్టిన కాలము కూడ అంతే.

ఆ పనిలో ఒక సంగతి మాకు మొదటిసారి తట్టెను. విమానమునకు పైన ఆకుపచ్చ, క్రింద లేతబూడిద ఎందుకు? పైనుండి చూచు శత్రువిమానమునకు నేలలో కలిసిపోవలెను గనుక పచ్చన. క్రిందనుండి చూచువారికి ఆకసములో కలిసిపోవలెను గనుక లేతబూడిద. అనగా ఆ రంగు సీసాలలోనే క్రింద నిలిచి తలయెత్తిన తొమ్మిదేండ్ల పిల్లయొక్క కన్ను లెక్కింపబడియున్నది. ఆ కన్ను చూడకుండుటకే ఆ రంగు. మేము దానిని ఒక్క పూతతో సరిపెట్టితిమి. తెలియక చేసినను, ఆ పిల్ల కన్నును లెక్కింపనివారమైతిమి.

నమూనా అనునది నిజమునకు చిన్నరూపమైనచో, నిజములో సగమును విడిచి చేసినది నమూనా కాదు. పెట్టెమీది చిత్రములలో విమానము ఎల్లప్పుడు మబ్బులలో నుండును. దాని క్రింద ఊరుండదు. అట్టి బొమ్మలను మాత్రమే చూచి పెరిగిన పిల్లలకు యుద్ధము మబ్బులలో జరుగు ఆటగా తోచును. అట్లని ఈ బొమ్మలను ఇంటిలోనికి రానీయరాదని వాదించువారితో మేము ఏకీభవింపలేము. కన్ను మూసికొన్నంతమాత్రమున యుద్ధము లేకపోదు. చేయి పెట్టి చేసినవానికి దాని లోపల ఏమున్నదో తెలియును. మూడు పీటలు, ఒక తుపాకి, గురిచూచు అద్దము, బాంబును వ్రేలాడదీయు కొక్కెము. ఇవి తన చేతులతో అతికించినవాడు యుద్ధమును పాటగా పాడజాలడు, అడుగుభాగమును కూడ చేసియుండినచో.

శత్రువు విమానము గనుక ఇట్లు చెప్పితిమని ఎవరైన అనుకొందురేమో. మా అలమారలో దాని పక్కన ఇప్పుడు మఱియొక విమానము కలదు. అది బ్రిటిషువారి 152వ దళపు స్పిట్‌ఫైరు. ఆ దళమునకు హైదరాబాదు దళమని పేరు. నిజాము ప్రభువు చేసిన ధనసహాయమునకు గుర్తు. దాని చిహ్నమున నిజాము తలపాగా కలదు, క్రింద నమ్మకమైన మిత్రుడను అర్థముగల మాట కలదు. అంతకుముందు 1918లో 110వ దళమునకు నిజాము డి.హెచ్.9ఏ విమానములను బహూకరించెను. వానిపై ఆయన పేరు వ్రాయబడెను. అందొకటి నేటికిని బ్రిటనులోని రాజవైమానికదళపు సంగ్రహశాలలో కలదు. నిజాము బొక్కసములోని ధనమున తెలంగాణపు రైతు కట్టిన శిస్తును కలదు. 152వ దళము 1940లో ఇంగ్లండు ఆకసమున పోరాడి, తరువాత బర్మాకు వచ్చెను. బర్మాలో ఆ విమానముల క్రిందను ఊళ్ళుండెను, ఆ ఊళ్ళలోను తలలెత్తి చూచిన పిల్లలుండిరి. మన శిస్తుతో ఎగిరిన రెక్కకును అడుగుభాగము కలదు. అందుచే దానిని కూడ అంతే ఓపికతో చేసితిమి.

ఇంకొక సంగతి. మా బి5ఎన్ పెట్టె వచ్చినది జపానుదేశపు షిజువోకా ప్రాంతమునుండి. నమూనాలపనికి ఆ ప్రాంతము ప్రపంచప్రసిద్ధము. నేడు ప్లాస్టిక్కులో పేరుపొందిన అక్కడి సంస్థలు మొదట కొయ్యనమూనాలతోనే ఆరంభించినవి. మన కొండపల్లివారివలె కొయ్య తెలిసిన చేతులవి. ఆ షిజువోకా నగరముపై 1945 జూను నెలలో ఒక రాత్రి అమెరికా విమానములు నిప్పుబాంబులు కురిపించినవి. నగరము చాలభాగము బూడిదయయ్యెను. ఈ ముక్కలను ఇంత నిజాయితీతో పోతపోసిన ఊరికిని విమానపు క్రిందివైపు తెలియును. రేకులపై నున్న సన్నని గీతలను వారు అడుగుభాగమున సైతము ఒక్కటి విడువకుండ చెక్కియుండిరి. పుట్టీతో వానిని పూడ్చి చెరిపినవారము మేము.

మా అమ్మమ్మ 2019లో పోయినది. ఆ విమానపు అడుగును తిరిగి చేసిన తరువాత ఆమెకు చూపితిమి. గోటితో అతుకును వెదకి, దొరకక, “ఇప్పుడు సరిపోయింది” అనెను. మెచ్చుకొనెనో, గుర్తుపట్టెనో మాకు తెలియలేదు. ఆ మరుసటి యేడు అమ్మాయితో విశాఖపట్టణము పోయి, అక్కడి సంగ్రహశాలలో నాడు పడిన జపానుబాంబును చూచితిమి. అమ్మాయి దానిముందు నిలిచి, మా నమూనా బాంబు దీనిలో నలుబదియెనిమిదవ వంతని లెక్కగట్టి, నిడివి సరిపోవునా యని జానతో కొలిచినది. కొలిచిన తరువాత చేయి వెనుకకు తీసికొని, ఏమియు మాటాడలేదు. మేమును మాటాడలేదు.

చదువరులకు మనవి. మీ పిల్లలకు, కొమారులకైనను కొమార్తెలకైనను, ఒక ఆకురాయి, ఒక మంచి జిగురు, ఒక పాడుచేయదగిన వస్తువు ఇండు. పాడుచేయనిండు. ఊరిలోని వడ్రంగి గుమ్మము ఎక్కి, వానిని మీరు అని సంబోధించి, తెలియనిది అడుగుట నేర్పుడు. వారు యుద్ధవిమానమే చేయుదుమన్నచో వలదనకుడు. కాని చేసినదానిని బోర్లించి చూపుమనుడు. అది ఏ యూరిపైన ఎగిరినదో కనుగొనుమనుడు. ఇంటిలో వృద్ధులున్నచో వారిని అడుగుమనుడు. మేము ఏడేండ్లు విమానములు అతికించిన పిదప అడిగితిమి, అదియును మేమడిగినది కాదు, ఆమెయే చెప్పినది.

ఇప్పుడు ఆ విమానము మా యింట అలమారలోని క్రిందిపలకపై నున్నది. దాని క్రింద ఒక అద్దపుముక్క పెట్టితిమి. చూడవచ్చినవారు మొదట పచ్చని రెక్కలను చూచి బాగున్నదందురు. తరువాత అద్దములో ఎఱ్ఱని గుండ్రములను చూచి, ఇదేమిటని వంగుదురు. వంగినవారికి మా అమ్మమ్మ సంగతి చెప్పుదుము. వైశాఖమైనచో, చెప్పిన తరువాత ఒక రసము చేతిలో పెట్టి పంపుదుము.